మన ఫోనుకు మన ఓఎస్: మొదలు ఎక్కడ, బరువు ఎక్కడ?

2023 జనవరి 19న మద్రాసు ఐఐటీ 'భార్‌ఓఎస్'ను ప్రకటించింది. ఐదు రోజుల తరవాత కేంద్రమంత్రులు ధర్మేంద్ర ప్రధాన్, అశ్వినీ వైష్ణవ్ ఆ ఓఎస్ ఎక్కించిన ఫోన్‌ను పరీక్షించి చూశారు. స్వదేశీ ఫోన్ వ్యవస్థ వచ్చేసిందని ఒక వర్గం సంబరపడితే, గూగుల్ ఆండ్రాయిడ్ మూలకోడ్ మీద కట్టినదాంట్లో మనదేముందని ఇంకో వర్గం పెదవి విరిచింది. రెండు వాదనలూ అసలు ప్రశ్నను దాటేసి పోయాయి. ఓఎస్ చేయడమంటే నిజంగా ఏ పని చేయడం? ఆ పనిలో ఎంత భాగం మన చేతిలో ఉంటుంది? ఎవరి కోసం చేయాలి?

మొబైల్ ఓఎస్ మీద ప్రాజెక్టు చేయాలనుకునే విద్యార్థులకు హైదరాబాద్‌లో కొదవ లేదు. కరీంనగర్, జగిత్యాల, బాసర, ఆదిలాబాద్ వైపు కూడా ఆ ఆసక్తి ఉంది. వాళ్ళ కోణం నుంచి ఈ మొత్తం వ్యవహారాన్ని చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక ఫోన్‌ను మనం కట్టిన ఓఎస్‌తో మొదటిసారి లేపడం ఇవాళ పట్టుదల ఉన్న బీటెక్ విద్యార్థికి సాధ్యమే. ఆ ఓఎస్ కింద ఉండే డ్రైవర్లు, పైన ఉండే యాప్‌ల అనుమతులు, నెలనెలా వేయాల్సిన ప్యాచ్‌లు మాత్రం వదలని బరువు. అంత బరువు ఎత్తుకోవడానికి ఇంకెవరూ తీర్చని అవసరం ఏదైనా ఉండాలి. ఉత్తర తెలంగాణలో అలాంటి అవసరం ఒకటుంది. అది గోండి భాష.

ఎంతవరకు 'సొంతం'?

సొంత ఓఎస్ అనే మాట కింద మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. మొదటిది పైపూత మార్చడం. హోమ్ స్క్రీన్, ఐకాన్లు, ఫాంట్లు, సెట్టింగులు మార్చి, అక్కరలేని యాప్‌లు తీసేయడం. దీన్ని తక్కువ చేయనక్కర్లేదు. షావోమీ తొలి ఫోన్ అమ్మింది 2011లో. అంతకు ఏడాది ముందే, 2010లో, ఇతర కంపెనీల ఫోన్లలో వేసుకునే కస్టమ్ రామ్‌గా, అంటే మార్చి కట్టిన ఓఎస్‌గా, మీయూఐని వదిలింది. ఆ కంపెనీ పుట్టుక అక్కడే.

రెండోది ఆండ్రాయిడ్ మూలకోడ్ మొత్తం దించుకుని, మనకు కావలసినట్టు మార్చి, ఒక ఫోన్‌కు సరిపోయేలా కట్టుకోవడం. లినేజ్‌ఓఎస్, పిక్సెల్ ఫోన్లకు మాత్రమే వచ్చే గ్రాఫీన్‌ఓఎస్, మన భార్‌ఓఎస్ ఈ కోవలోవే.

మూడోది ఆండ్రాయిడ్‌నే పక్కన పెట్టడం. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్, ఆల్పైన్ లినక్స్ ఆధారంగా పాత ఫోన్లకు పదేళ్ళ ఆయుష్షు ఇవ్వాలని చూస్తోంది. ఫిన్లాండ్‌కు చెందిన యోల్లా సంస్థ సెయిల్‌ఫిష్ నడుపుతోంది. హువావే 2019లో హార్మొనీఓఎస్ తెచ్చి, 2024లో 'నెక్స్ట్' రూపంలో ఆండ్రాయిడ్ యాప్‌లకు పూర్తిగా తలుపు మూసింది. వెనక అమెరికా ఆంక్షల ఒత్తిడి, చేతిలో ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలు, లక్షల మంది డెవలపర్లు ఉన్న కంపెనీకే అది సాధ్యమైంది. కొత్తగా దిగేవాళ్ళకు నేర్చుకోవడానికి మూడో దారి బాగుంటుంది. పదిమంది చేతికి ఇవ్వగలిగింది రెండో దారిలోనే వస్తుంది.

మన దేశంలో ఏం జరిగింది?

2014 ఆగస్టులో ఇంటెక్స్ కంపెనీ ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో 1,999 రూపాయల ఫోన్ తెచ్చింది. ధర చూసి జనం ముచ్చటపడ్డారు. కావలసిన యాప్‌లు లేవని ఆ ముచ్చట తొందరగానే తీరిపోయింది. 2015 డిసెంబరులో మొజిల్లా స్మార్ట్‌ఫోన్ల నుంచి తప్పుకుంది. అదే కోడ్ నుంచి పుట్టిన కాయ్‌ఓఎస్ 2017లో జియోఫోన్‌లో కూర్చుంది. వాపసు వచ్చే 1,500 రూపాయల డిపాజిట్ మీద ఇచ్చిన ఆ ఫోన్ పల్లెల్లోకి బాగా వెళ్ళింది. 2018లో వాట్సాప్ వచ్చాక దాని విలువ పెరిగింది. తరవాత వాట్సాప్ ఆ ఓఎస్‌కు మద్దతు ఆపేసింది. ఓఎస్ అలాగే ఉంది, ఫోన్ విలువ పడిపోయింది.

సయనోజెన్ కథ ఇంకో రకం. స్టీవ్ కాండిక్ 2009లో సరదాగా మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ ప్రపంచంలోనే పెద్ద కస్టమ్ రామ్ అయింది, కంపెనీగా మారింది. మైక్రోమ్యాక్స్ వారి యూ ఫోన్లకు, వన్‌ప్లస్‌కు మధ్య భారత్‌లో ఆ ఓఎస్ హక్కులెవరివన్న తగాదా 2014 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. రెండేళ్ళకు కంపెనీ సేవలు మూసేసుకుంది. ఆ కోడ్ నమ్ముకున్న స్వచ్ఛంద డెవలపర్లు 2016 డిసెంబరులోనే లినేజ్‌ఓఎస్‌గా విడిపోయి పని కొనసాగించారు. కంపెనీ మూతబడినా కోడ్ బతికి ఉండటానికి కారణం దాని లైసెన్సు.

భారతీయ భాషలే పెట్టుబడిగా వచ్చింది ఇండస్ ఓఎస్. బొంబాయి ఐఐటీ పూర్వ విద్యార్థులు మొదలుపెట్టిన ఈ వ్యవస్థ 2015లో మైక్రోమ్యాక్స్ ఫోన్‌లో తెలుగుతో సహా అనేక భాషలతో వచ్చింది. చివరికి ఫోన్‌పే దాన్ని కొనుక్కుంది. 2024 ఫిబ్రవరిలో ఇండస్ యాప్‌స్టోర్‌గా మళ్ళీ జనం ముందుకు తెచ్చింది. ఓఎస్‌గా మొదలై యాప్ దుకాణంగా నిలబడింది.

ఈ వరుసలో ఏ ఒక్కటీ కోడ్ రాయడం చేతకాక ఆగిపోలేదు. యాప్‌లు రాకపోవడం, ఫోన్ కంపెనీల మీద ఆధారపడటం, అప్‌డేట్ల ఖర్చు భరించలేకపోవడం, ఈ మూడే దెబ్బతీశాయి.

ఫోను లోపలి అంతస్తులు

ఆండ్రాయిడ్ మూలకోడ్‌లో ఎక్కువ భాగం అపాచీ లైసెన్సు కింద ఉంది. తీసుకుని మార్చుకోవచ్చు, మార్చింది బయటపెట్టాల్సిన పని లేదు. అడుగున ఉండే లినక్స్ కర్నెల్ జీపీఎల్ కింద ఉంది. ఫోన్ అమ్మిన కంపెనీ ఆ కర్నెల్ కోడ్ అడిగినవారికి ఇచ్చి తీరాలి. కొన్ని కంపెనీలు ఆలస్యం చేస్తాయి, కొన్ని అరకొరగా ఇస్తాయి. అందుకే ఫోన్ ఎంచుకునేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో చూడటం మాని కర్నెల్ సోర్సు ఉందా లేదా చూడాలి.

కర్నెల్‌కు పైన హాల్ అనే పొర ఉంటుంది. కెమెరా, మోడెమ్, వేలిముద్ర సెన్సర్, గ్రాఫిక్స్ వంటి వాటితో ఆండ్రాయిడ్ మాట్లాడేది దీని ద్వారానే. ఇక్కడి ఫైళ్ళు చాలావరకు చిప్ కంపెనీ ఇచ్చే బైనరీలు, వాటి సోర్సు మనకు దొరకదు. డెవలపర్లు వీటిని బ్లాబ్స్ అంటారు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్ ఈ పొరను వెండర్ విభాగంలోకి విడదీసింది. దానివల్ల కింది భాగం కదపకుండా పై భాగాన్ని మార్చే వీలు కలిగింది. ఒకే సిస్టమ్ ఇమేజ్‌ను వేర్వేరు ఫోన్లలో వేసి చూడగలిగే జీఎస్ఐ పద్ధతి అలా వచ్చిందే. పై భాగంలో ఫ్రేమ్‌వర్క్, సెట్టింగులు, ఫాంట్లు, కీబోర్డు, యాప్‌లు ఉంటాయి. ఈ పై భాగం పూర్తిగా మన చేతిలో ఉంటుంది, కింది భాగం ఉండదు. సొంత ఓఎస్ గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఈ గీత ఎక్కడుందో ముందు చూసుకోవాలి.

మొదలుపెట్టే దారి

మొదటి అడ్డు యంత్రమే. ఆండ్రాయిడ్ మొత్తం కట్టాలంటే 400 జీబీ ఖాళీ డిస్కు, 64 జీబీ ర్యామ్ ఉండాలని గూగుల్ చెబుతోంది. ఆరు కోర్ల యంత్రం మీద పూర్తి బిల్డ్‌కు ఆరు గంటలు, 72 కోర్ల యంత్రం మీద 40 నిమిషాలు పడుతుందని కూడా లెక్క ఇచ్చింది. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ఇది కుదరదు. సోర్సు దించుకోవడం ఇంకో తంటా. రోజుకు రెండు జీబీ ఇచ్చే మొబైల్ ప్యాకేజీతో వంద జీబీ దించాలంటే యాభై రోజుల కోటా పోతుంది. కళాశాలలో ఒక మంచి సర్వర్ పెట్టి అందరూ పంచుకోవడమో, గంటల లెక్కన క్లౌడ్ యంత్రం అద్దెకు తీసుకోవడమో తప్పదు. పాత చరిత్ర లేకుండా తాజా కోడ్ మాత్రమే దించుకుంటే భారం బాగా తగ్గుతుంది.

అంత యంత్రం దొరికేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కర్నెల్ ఒక్కటే కట్టడం మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా జరుగుతుంది. లినేజ్‌ఓఎస్ అనువాదాలు క్రౌడిన్ అనే వేదిక మీద నడుస్తాయి, దానికి బ్రౌజర్ చాలు. తెలుగులో సెట్టింగుల వాక్యాలు సరిచేస్తూ మొదలుపెట్టినవాళ్ళకు ఓఎస్ లోపలి గదులన్నీ పేరుపేరునా పరిచయమవుతాయి.

యంత్రం సమకూరాక మొదటి బిల్డ్‌ను ఫోన్‌లో వేయకూడదు. కటిల్‌ఫిష్ అనే వర్చువల్ ఫోన్ ఉంది, అందులో లేపి చూడాలి. తరవాత నిజం ఫోన్. ఇప్పటికే లినేజ్‌ఓఎస్ అధికారికంగా నడిచిన పాత ఫోన్ పట్టుకోవడం తెలివైన పని. మన ఊళ్ళలో విరివిగా అమ్ముడుపోయిన రెడ్‌మీ నోట్ 4 అలాంటిది. 2018లో వచ్చిన పోకో ఎఫ్1 మీద పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ కూడా నడుస్తుంది. ఏ మొబైల్ రిపేర్ షాపులో అడిగినా ఇలాంటివి తక్కువ ధరకు దొరుకుతాయి. కొత్త ఫోన్ మీద, అందునా ఇంట్లోవాళ్ళు వాడే ఫోన్ మీద, ఈ ప్రయోగం వద్దు.

ఆ తరవాతి క్రమం స్థూలంగా ఇది. ఫోన్ ఏ ఓఎస్‌ను లేపాలో చూసే బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేయాలి. అప్పుడు ఫోన్‌లోని డేటా మొత్తం తుడుచుకుపోతుంది. ఆ ఫోన్ వివరాలుండే డివైస్ ట్రీ, కర్నెల్, బ్లాబ్స్ మూడూ సరైన ఫోల్డర్లలో పెట్టాలి. బిల్డ్ పూర్తయ్యాక రికవరీ ఎక్కించి, దాని ద్వారా రామ్ వేయాలి.

ఇక అసలు చదువు మొదలయ్యేది ఫోన్ లోగో దగ్గర ఆగిపోయినప్పుడు. లోగో తిరుగుతూనే ఉంటుంది, హోమ్ స్క్రీన్ రాదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి లాగ్‌క్యాట్ తెరిస్తే వేల వరుసలు పారుతాయి. వాటిలో 'ఏవీసీ: డినైడ్' అన్న వరుస కనపడితే, ఏదో సేవకు తనకు కావలసిన ఫైల్ తెరిచే అనుమతి ఎస్ఈలినక్స్ ఇవ్వలేదని అర్థం. కొత్తవాళ్ళు ఇక్కడ అడ్డదారి తొక్కుతారు, ఎస్ఈలినక్స్‌ను దేన్నీ అడ్డుకోని పర్మిసివ్ స్థితిలో పెట్టేస్తారు. ఫోన్ లేస్తుంది, స్క్రీన్‌షాట్ తీస్తారు, పని అయిపోయిందనుకుంటారు. యాప్‌లను కట్టడి చేసే గోడ కూలిపోయిన ఓఎస్ అది. ఏ సేవకు ఏ అనుమతి కావాలో చదివి, ఆ ఒక్క నియమం రాయడమే సరైన పద్ధతి. ఒక్కో వరుసకు పూట పట్టవచ్చు. ఓఎస్ అంటే ఏమిటో ఆ పూటలోనే తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త రామ్ మీద సంతకం చేసే కీల గురించి. మూలకోడ్‌తో పాటు వచ్చే టెస్ట్ కీలు లోకమంతటికీ తెలిసినవే. వాటితో కట్టిన రామ్‌ను పదిమందికి పంచితే, ఎవరైనా అవే కీలతో సిస్టమ్ యాప్ పేరున దొంగ యాప్ చేసి పంపగలరు. సొంత కీలు తయారు చేసుకోవాలి, వాటిని భద్రంగా దాచుకోవాలి.

మూసుకుంటున్న తలుపులు

పదేళ్ళ కిందటితో పోలిస్తే నేర్చుకునే దారులు పెరిగాయి, తలుపులు మాత్రం ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. షావోమీ అన్‌లాక్‌కు రోజుల తరబడి ఆగమంటుంది. కొన్ని కంపెనీలు అన్‌లాక్ అవకాశమే ఇవ్వవు. 2025లో ఆండ్రాయిడ్ 16 సోర్సు విడుదల చేసినప్పుడు గూగుల్ తన పిక్సెల్ ఫోన్ల డివైస్ ట్రీలను అందులో పెట్టలేదు. అంతవరకు కస్టమ్ రామ్ డెవలపర్లకు పిక్సెల్ నమ్మకమైన ఆధారం.

మామూలు వాడకందారుకు తగిలే దెబ్బ యూపీఐ దగ్గర. బూట్‌లోడర్ అన్‌లాక్ అయిన ఫోన్ గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ కఠిన పరీక్షలో నెగ్గదు. ఆ పరీక్ష చూసుకునే బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. చాయ్‌కి కూడా స్కాన్ చేసి డబ్బులిచ్చే రోజుల్లో, యూపీఐ నడవని ఫోన్‌ను ప్రధాన ఫోన్‌గా ఎవరు పెట్టుకుంటారు? ఈ పరీక్షను మోసగించే ఉపాయాలు తిరుగుతుంటాయి. ఇవాళ పనిచేసినవి రేపు పనిచేయవు. పైగా డబ్బు వ్యవహారాల ఫోన్‌లో అలాంటివి పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను.

మన దేశ చట్టం కొంత సాయం చేసింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆండ్రాయిడ్‌ను మార్చి వేరే రూపంలో తెచ్చే కంపెనీలను ఒప్పందాలతో కట్టేయడం కుదరదన్నది ఆ తీర్పులోని ఒక ముఖ్యాంశం. దీనివల్ల ఫోన్ కంపెనీలకు వెసులుబాటు వచ్చింది. చేతిలో ఫోన్ ఉన్న విద్యార్థికి బూట్‌లోడర్ హక్కు మాత్రం దానివల్ల రాలేదు.

అక్షరం దగ్గరికొస్తే

ఇన్ని అడ్డంకులుండగా ఎందుకీ శ్రమ అనడిగితే, నా జవాబు అక్షరాల్లో ఉంది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చేదాకా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. అప్పట్లో తెలుగు పత్రికలు చదవడానికి ఓపెరా మినీలో ఒక రహస్య సెట్టింగు మార్చి అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకునేవాళ్ళం. ఓపిక ఉన్నవాళ్ళు ఫోన్‌ను రూట్ చేసి తెలుగు ఫాంటు ఎక్కించుకునేవాళ్ళు. ఫాంటు వచ్చినా ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడేవి. అక్షరాలను కలిపి కూర్చే ఇంజన్ లోపల లేకపోతే ఫాంటు ఒక్కటే ఏమీ చేయలేదు.

ఆ ఇంజన్ ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అక్షరం మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే సంకేతం చేరిస్తే ఐఫోన్లలో మెసేజీ యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఈ లోపాన్ని ఫిబ్రవరి 19న 11.2.6తో సరిచేశారు. లక్షల కోట్ల కంపెనీ కూడా తెలుగు సంయుక్తాక్షరాన్ని సరిగా పరీక్షించలేదు. కోట్లమంది మాట్లాడే తెలుగుకే ఈ గతి అయితే, గోండి సంగతి చెప్పేదేముంది?

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో పరిశోధకులు వాటిపై పనిచేశారు. ఆ ప్రతుల్లోని గుంజాల గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో 63 సంకేతాలతో చేరింది. మున్షీ మంగల్ సింగ్ మాసారాం 1918లో రూపొందించిన మాసారాం గోండి లిపి అంతకు ముందు ఏడాదే చేరింది. ఐఎస్ఓ భాషా సంకేతాల్లో ఆదిలాబాద్ గోండికి 'డబ్ల్యూఎస్‌జీ' అని ప్రత్యేక గుర్తు ఉంది. నోటో ఫాంట్లలో గుంజాల గోండి ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. సామగ్రి అంతా ఉన్నట్టే.

అయినా పాత ఫోన్‌లో ఆ ఫాంటు ఎక్కిస్తే పని జరగదు. 2018కి ముందటి ఓఎస్‌కు ఆ సంకేతాలు అక్షరాలని కూడా తెలియదు. హార్ఫ్‌బజ్ అనే కూర్పు ఇంజన్, యూనికోడ్ వివరాలుండే ఐసీయూ లైబ్రరీ రెండూ కొత్తవి కావాలి. అవి సిస్టమ్ లోపల ఉంటాయి, యాప్‌తో సర్దుకునేవి కావు. ఇంకో చిక్కు ఉంది. తెలుగు అక్షరసంకేతం ఆండ్రాయిడ్ స్ట్రింగుల్లో ఒక స్థానం తీసుకుంటే, యూనికోడ్ పై పటంలో ఉన్న గుంజాల గోండి సంకేతం రెండు స్థానాలు తీసుకుంటుంది. ఇది పట్టించుకోకుండా కీబోర్డు రాస్తే, ఒకసారి వెనక్కి మీట నొక్కగానే అక్షరం సగం పోయి డబ్బా మిగులుతుంది. సెట్టింగుల భాషల జాబితాలో గోండి కనపడాలంటే లొకేల్ ఫైళ్ళు చేర్చాలి, మెనూల్లోని వేల వాక్యాలు అనువదించాలి.

సొంత ఓఎస్‌కు ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించలేదు. వాడి పక్కన పడేసిన ఫోన్‌కు లినేజ్‌ఓఎస్‌తో కొత్త ఇంజన్ వస్తుంది. దానికి గోండి ఫాంటు, కీబోర్డు, మెనూలు, లిపి నేర్పే పాఠాలు చేరిస్తే బడిలో వాడుకునే పరికరం అవుతుంది. అందులో యూపీఐ అక్కర్లేదు, ప్లేస్టోర్ అక్కర్లేదు. మిగతా ప్రయత్నాలను ముంచిన యాప్‌ల సమస్య ఇక్కడ లేదు.

ఎవరు చేయాలి?

బాసర ట్రిపుల్ ఐటీ 2008 నుంచి నడుస్తోంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్టీయూ కళాశాల ఉంది. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం, 2020 జులైలో ప్రారంభమైన ఐటీ టవర్ ఉన్నాయి. ఉట్నూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది, దాని కింద గిరిజన ఆశ్రమ పాఠశాలలు ఉన్నాయి. తెలుగు లినక్స్‌ను తయారుచేసిన స్వేచ్ఛ సంస్థ అనుభవం హైదరాబాద్‌లో అందుబాటులో ఉంది. లేనిది వీటిని కలిపే పని.

ఇందులో అందరూ మరచిపోయే మనుషులు కూడా ఉన్నారు. కరీంనగర్ బస్టాండు రోడ్డులోనో, మంచిర్యాల మార్కెట్‌లోనో మొబైల్ షాపుకు వెళ్ళి ఆగిపోయిన ఫోన్ ఇస్తే, "సాఫ్ట్‌వేర్ పోయింది సార్, మళ్ళ వెయ్యాలె" అంటారు. ఏ చిప్‌కు ఏ ఫ్లాష్ టూల్ వాడాలో, చచ్చిందనుకున్న ఫోన్‌ను ఏ పిన్నులు కలిపి లేపాలో వాళ్ళకు అనుభవంతో తెలుసు. ఇంజనీరింగ్ విద్యార్థికి సోర్సు తెలుసు, బోర్డు తెలియదు. షాపు కుర్రాడికి బోర్డు తెలుసు, సోర్సు తెలియదు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిన కళాశాల సగం ప్రయోగశాల ఖర్చు మిగుల్చుకుంటుంది.

పని పద్ధతి విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. పది ఫోన్లకు రామ్ కడతామని మొదలుపెట్టకూడదు. ఒకే మోడల్ తీసుకుని కనీసం మూడేళ్ళు దానికే కట్టుబడాలి. ఆండ్రాయిడ్ భద్రతా లోపాల జాబితా 2015 నుంచి నెలనెలా వస్తోంది. వాటి ప్యాచ్‌లు కలిపి, మళ్ళీ కట్టి, ఫోన్లకు పంపే మనిషి ప్రతి నెలా ఉండాలి. ఫైనలియర్ ప్రాజెక్టుగా కట్టిన ఓఎస్ విద్యార్థి ఉద్యోగానికి వెళ్ళగానే అనాథ అవుతుంది. దాని బాధ్యత విభాగానిది కావాలి, ఏటా కొత్త బ్యాచ్ పాత బ్యాచ్ నుంచి కీలు, నోట్సు, సర్వర్ అందుకోవాలి. గోండి ఫాంటు, కీబోర్డు సవరణలను తమ దగ్గరే దాచుకోకుండా లినేజ్‌ఓఎస్‌కు, ఆండ్రాయిడ్ మూలకోడ్‌కు పంపాలి. అక్కడ చేరిన మార్పు మన రామ్ ఆగిపోయినా లోకంలోని ఫోన్లలో నిలుస్తుంది.

భార్‌ఓఎస్ వచ్చినప్పుడు నడిచిన వాదన స్వదేశీనా, విదేశీనా అని. ఆండ్రాయిడ్, లినక్స్ రెండూ అనేక దేశాల జనం రాసిన కోడ్. అందులో కలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందులో గోండి మాట్లాడే పిల్లల అవసరాన్ని కలపగలిగేది మాత్రం ఆదిలాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళే. ఆ పనికి ఒక సర్వర్, ఒకే మోడల్ పాత ఫోన్లు కొన్ని, గోండి బాగా తెలిసిన ఉపాధ్యాయులు, ఏళ్ళ తరబడి తప్పుకోని ఒక విభాగం కావాలి. కళాశాలల దగ్గర మొదటి రెంటికీ డబ్బు దొరుకుతుంది. చివరి రెండూ ముందు కుదిరాకే మొదటి రెండూ కొనాలి.